ఎర్రయ్య పేరున ఒక ఫైలు

ఆ పొద్దున కూడా, గోదాము కాంటా చూసుకునే అక్తర్ ఆ ఫైలును మళ్లీ పుట్టించాడు. కాంటాకు తగిలించిన చిన్న కంప్యూటర్‌లో, కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం తన లోపలి అంకెలను బయటపెట్టే డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లో, ‘ఎర్రయ్య’ అని పేరు పెట్టాడు. దాన్ని అందరూ చదవొచ్చు, ఎవరూ దిద్దలేరు. సైజు చూస్తే సున్నా. తెరిస్తే మాత్రం, తెర మీదికి రాకముందు కాంటా నిజంగా మోసిన బరువు కనిపిస్తుంది. కరెంటు పోతే ఫైలూ పోతుంది.

పేరు ఊరికే పెట్టలేదు. కేసముద్రం స్టేషన్ వెనక జనార్దన్ సేటు గోదాములో ఎర్రయ్య ముప్పై ఏళ్లుగా హమాలీ. భుజం కాయకాసి, మెడ ఒక పక్కకు వంగిపోయింది. మక్కల బస్తా ఎత్తుకున్నాడంటే అరకిలో తేడా అయినా చెప్పేస్తాడు. ఎండెక్కితే కాంటా తక్కువ చూపుతోందని నెల నుంచి మొత్తుకుంటున్నాడు. సేటు నవ్వి ఊరుకునేవాడు. నిన్న మాత్రం నవ్వలేదు.

“ముసలోనివైనవ్. రేపు సాయంత్రం దాంక రుజువు చూపెట్టు. లేకుంటే పనికి రాకు.”

రుజువు చూపాలంటే ఎండెక్కాలి. ఎండెక్కేసరికి కరెంటు పోతోంది. సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గుబాయిలోకి దిగే మనిషి లేడు; బొగ్గు లేక కరెంటుకు కోత.

“గీ కోత జర ఆగితే బాగుండు అన్నా,” అన్నాడు అక్తర్.

“పోతే పోనియ్ భాయ్. మన తెలంగాణ కోసమే గద బంద్ జేసిన్రు. కరెంటు మల్ల వస్తది. మాట పోతేనే రాదు.”

ఎర్రయ్య భుజం రుద్దుకున్నాడు. తర్వాత ఛాతీ రుద్దుకున్నాడు. అక్తర్ చూశాడు గానీ పట్టించుకోలేదు.

ఒంటిగంట దాటాక ఎర్రయ్య బస్తాకు కొక్కెం గుచ్చి భుజానికెత్తుకున్నాడు. “అరవై ఒకటిన్నర,” అంటూ కాంటా మీద దించి, కొక్కెం బస్తా పక్కనే పెట్టి, “జర కూసుంట” అని గోడవారకు పోయాడు.

తెర మీద అరవై. అక్తర్ ఫైలు తెరిచాడు. 61480 గ్రాములు. అంకెలు రెండూ కాగితం మీద రాసుకున్నాడు. అంతలోనే కరెంటు పోయింది. కాగితం పట్టుకుని సేటు దగ్గరికి ఉరికాడు.

సేటు కాగితం మీది రెండు అంకెలనూ పోల్చి చూశాడు. “సరే. రేపు కూడా రమ్మను.”

తిరిగొచ్చేసరికి ఎర్రయ్య గోడకు ఆనుకునే ఉన్నాడు. “అన్నా, నీ మాటే నిజమైంది,” అని అక్తర్ అతని భుజం తట్టాడు. ఎర్రయ్య తల మెడ వంగిన వైపుకే ఒరిగిపోయింది.

ముందు ఎర్రయ్యకు చెప్పాల్సింది. సేటుకు చెప్పాడు. అక్తర్ నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తోటి హమాలీలు ఎర్రయ్యను భుజాల మీదే మోసుకుపోయారు. బస్తాను ఎవరో దించేశారు. సాయంత్రం కరెంటు వచ్చి, కాంటా ఎప్పటిలా తన మీదున్నదాన్ని సున్నాగా ఎంచి మొదలైంది. కంప్యూటర్‌లో ఆ పేరు లేదు. మళ్లీ పుట్టించడానికి అక్తర్‌కు చేతులు రాలేదు. కాంటా మీద, పిడి అరిగి నున్నబడిన ఇనుప కొక్కెం ఒక్కటే ఉంది. తెర బరువు సున్నా అని చూపుతోంది.