తమలపాకుల గది

నేను హైవే మీద పరుగెత్తుతూనే ఉన్నాను, కానీ కాళ్ళ కింద తారు కాదు, పెళ్ళి మండపంలో పరిచే ఎర్ర తివాచీ, ఎంత పరుగెత్తినా అయిపోవడం లేదు. ఊరూరా పరుగెత్తి జనానికి ఆటిజం గురించి చెప్పాలని గుంటూరులో నాతో బయలుదేరిన వాళ్ళంతా రెండు పక్కలా కుర్చీల్లో కూర్చుని భోజనాల పిలుపు కోసం చూస్తున్నారు, నా చొక్కా మీద రాసిన "ఆడవాళ్ళలోనూ ఆటిజం ఉంటుంది" అన్న మాట ఒక్కరూ చదవడం లేదు. బ్యాండు చెవులు దద్దరిల్లేలా మోగుతోంది. తివాచీ చివర ఒక తలుపు, తలుపు వెనక సామాన్ల గది, గదిలో ఎప్పుడో పోయిన మా అమ్మ తడిగుడ్డతో తమలపాకులు తుడిచి, తొడిమలన్నీ ఒకే వైపుకు వచ్చేలా పేరుస్తోంది.

బతికుండగా ఏ పెళ్ళికెళ్ళినా ఇంతే. జనంలో నిలబడలేక, పలకరింపులకు ఏం బదులు చెప్పాలో తోచక, ఏదో ఒక పని వెతుక్కుని వెనక గదిలోకి వచ్చేసేది. బయట చుట్టాలు తీరిగ్గా వక్క నములుతూ "కాంతామణికి పొగరు" అని తేల్చేసేవాళ్ళు.

"ముందు ఆ గడియ పెట్టవే హైమా, ఆ మోతకి తల పగిలిపోతోంది" అంటుంది అమ్మ.

గడియ పెడతాను. "అమ్మా, నీది పొగరు కాదు. దానికో పేరుంది, ఆటిజం. నాకుందని డాక్టరమ్మ చెప్పింది, నలభై దాటాక. ఆవిడ ఏది అడిగినా నాకు నువ్వే కళ్ళ ముందు కనిపించావు."

అమ్మ ఆకు తిప్పి రెండో వైపు తుడుస్తుంది. "నేనూ పొగరనే అనుకున్నానే. అందరూ అంటుంటే ఉందేమో అని. తగ్గించుకుందామని ఎంత చూశానో."

గది మధ్యలోంచి హైవే పోతోంది, లారీలు చప్పుడు లేకుండా వెళ్తున్నాయి, ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

"మీ నాన్నకు చెప్పావా?"

"నాన్న పోయాడమ్మా."

"మీ మేనత్తకు?"

"ఆవిడా పోయింది."

"నన్నన్న వాళ్ళెవరూ లేకపోతే, ఇంకెవరికి చెప్పడానికే ఈ పరుగు?"

"ఇంకా ఉన్నవాళ్ళకి" అంటాను. నిన్నటి ఊళ్ళో నాకు శాలువా కప్పి, ఆడపిల్లలకు ఇలాంటివి రావని మైకులో చెప్పిన పెద్దాయన గుర్తొచ్చి, నా మాట నాకే నమ్మబుద్ధి కాదు.

"విన్నారా?"

"ఫోటోలు తీసుకున్నారు."

అమ్మ నవ్వదు. పక్కకు జరిగి చోటిస్తుంది, ఇంకో తడిగుడ్డ నా చేతిలో పెడుతుంది. "కూర్చో. ఎవరైనా పిలిస్తే పనింకా అవలేదని చెప్పు." కూర్చుంటాను. ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికి నాకే భయమేస్తుంది.

తలుపు కొడుతున్నారు.

"హైమక్కా, తెల్లారింది! బ్యాండు వాళ్ళొచ్చేశారు, ఊరి పొలిమేర దాకా సాగనంపుతారట!" నాతో పాటు పరుగెత్తుతున్న నసీమా గొంతు.

కళ్ళు తెరిచాను. రాత్రి మేం ఆగిన ఊళ్ళో మాకు కల్యాణ మండపంలో బస ఇచ్చారు. హాల్లో ట్యూబులైట్ల గుయ్‌మనే మోత భరించలేక చాప తెచ్చుకుని వెనక సామాన్ల గదిలో పడుకున్నాను. బ్యాండు వద్దని ముందే చెప్పాం. ఎందుకు వద్దో కూడా చెప్పాం. బయట డప్పు మొదలైంది.

బూట్లు వేసుకుని తలుపు దాకా వెళ్ళాను. లోపలి గడియ పెట్టి ఉంది. నేను పెట్టిన గుర్తు లేదు.

"అక్కా, వస్తున్నావా?"

"పనింకా అవలేదు నసీమా" అన్నాను.