వేడి సంగటి

"నువ్వు దిగితే గుంత సాలదే ఈశ్వరీ, ఎడల్పు సేయాల."

నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టిన ప్రతిసారీ నా మొగుడు తిప్పేస్వామి అనే మాటే ఇది. ఆ రోజూ అన్నాడు. నేనూ నవ్వాను. పది నిమిషాల తర్వాత కళ్ళు బైర్లు కమ్మి మగ్గానికి బిగించిన పడుగు దారాల మీద బోర్లా పడ్డాను.

తెలివి వచ్చేసరికి అతను తెగిన పోగులు చూసుకుంటున్నాడు. మా అత్త ఈరమ్మ నా ముఖాన నీళ్ళు చల్లుతూ, "ఒళ్ళు తగ్గించుకోమంటే ఇన్నావా?" అంది.

మూడు నెలలుగా అదే పని. ఫోన్‌లో ఎవరో చెప్పారని తిప్పేస్వామి నా సంగటి ముద్దను సగం చేశాడు. తర్వాత మధ్యాహ్నం తిండి మాన్పించాడు. అంతకుముందు మాత్రం తిన్నదేముంది? పదహారేళ్ళుగా ఈ ఇంట్లో నా కంచం పడేది అందరూ లేచాకే. అప్పటికి సంగటి చల్లారి గట్టిపడేది, కూరలో పులుసే మిగిలేది. అయినా అద్దంలో నా ఒళ్ళు నా మీదే సాక్ష్యం చెప్పేది. దొంగతిండి తిన్నదానిలా తలొంచుకునేదాన్ని.

తిప్పేస్వామి నన్ను అప్పటికప్పుడు ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. రక్తం తీసే నర్సు వసంత సూది పక్కన పెట్టి నన్నడిగింది.

"నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నావక్కా?"

"నలుగురి తిండి తింటాది మేడమ్," నా మొగుడు నవ్వాడు.

"అన్నా, నిన్నడగలే. బయట కూసో పో."

అతను బయటికి నడిచాడు. నేను వేళ్ళు మడిచి లెక్క చెప్పాను. రెండు టీలు, అర ముద్ద, కుండ అడుగున గోకింది. ఆమె ఒక్కొక్కటీ రాసుకుంది. పుట్టి నలభై ఏళ్ళయింది, నేను చెప్పిన మాటను రాసుకున్న మనిషిని అప్పుడే చూశాను.

గంటలో కాగితం వచ్చింది. షుగర్ లేదు. రక్తం పన్నెండుండాలంట, నాది ఏడున్నర.

డాక్టరమ్మ తిప్పేస్వామిని లోపలికి పిలిచింది. "ఒళ్ళు చూసి తిండి కొలిస్తే ఎట్లప్పా? ఈమె తిండి లేక, రక్తం లేక పడిపోయింది. లావెందుకొచ్చిందో ఇంకో పరీక్షలో చూద్దాం. ముందు కడుపునిండా తిననీ."

తిరుగు బస్సు ఎక్కాం. నేను నా లావు చేతులు చూసుకున్నాను. ఎన్ని నూలు కండెలు చుట్టాయి, ఎన్ని చీరలు నేశాయి! ఇంత తక్కువ రక్తంతో అంత పని లాగిన ఒంటికి దణ్ణం పెట్టాలనిపించింది. వసంతకు మనసులోనే పెట్టాను.

ఇంట్లో మా కూతురు ఇందు స్కూలు టిఫిను డబ్బా బరువుగా తగిలింది. మూత తీస్తే పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

"తినలేదేమే?"

పదమూడేళ్ళ పిల్ల నేల చూసింది. "నీ మాదిరి అయితానని బయం మా."

డబ్బా పక్కన పెట్టి పొయ్యి వెలిగించాను. సంగటి కెలికాను, పాలకూర పప్పు చేశాను, గుడ్లు ఉడకబెట్టాను. పొగలు పోకముందే నా కంచం వేసుకుని కూర్చున్నాను.

"మొగోడు తినకముందేనా?" అంది ఈరమ్మ.

"అవునత్తా. ఇందూ, నీ కంచం తెచ్చుకో."

ఈరమ్మ నన్నే చూసింది. యాభై ఏళ్ళుగా తనూ చివర తిన్నదే. కాసేపటికి తన కంచంతో వచ్చి నా పక్కన కూలబడింది.

మగ్గం దగ్గర పోగులు అతుకుతున్న తిప్పేస్వామి తలెత్తాడు. "మరి నాకు?"

"కుండలో ఉండాది, పెట్టుకో."

మొదటి ముద్దకే నోరు చుర్రుమని కాలింది. ఈ ఇంటికి వచ్చాక సంగటి నా నోరు కాల్చడం అదే మొదలు.