రాతిలో ఆకు

మా సియాసీ పెద్దమ్మ ఎనిమిదేళ్ళప్పుడు కెనడా ప్రభుత్వం తరలిస్తే ఓడలో, ఉత్తర ధ్రువం దగ్గరి ఈ ఎల్స్‌మియర్ దీవికి వచ్చింది. దక్షిణాన ఎక్కడో ఉన్న పుట్టిన ఊరు ఇనుక్‌జువాక్‌ను మళ్ళీ చూడలేదు. అక్కడ ఏటి ఒడ్డున తనంత ఎత్తు విల్లో పొదలుండేవని, ఇక్కడ ఏ మొక్కా చీలమండ దాటి ఎదగదని ఆమె బెంగ.

వేసవిలో శిలాజాలు తవ్వేవాళ్ళ దగ్గరికి ఎలుగుబంట్లు రాకుండా నేను కాపలా కాస్తాను. నిరుడు వాళ్ళు ఒక పొరలరాయిని చీలిస్తే అరచేతంత ఆకు అచ్చు బయటపడింది. తవ్వకాల దగ్గరికి వెళ్ళే హెలికాప్టర్లో ఒక సీటు ఖాళీ ఉంటే, అది చూపిద్దామని పెద్దమ్మను తీసుకెళ్ళాను.

"ఇక్కడ అడవులుండేవట పెద్దమ్మా. అయిదు కోట్ల ఏళ్ళ కిందట."

"ఎగతాళి చాల్లేరా," అంటూనే వంగి, ఆకు ఈనెల మీద వేలితో మెల్లగా నిమిరింది. తర్వాత రాతికి ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది.

"వాసనేమైనా వస్తోందా?"

"రాయి వాసనే. ఓడ ఎక్కేముందు మా అమ్మ విల్లో ఆకు నలిపి నా చేతికి రాసింది. ఆ వాసన పోతుందని ఎన్నాళ్ళో చెయ్యి కడుక్కోలేదు."

బయలుదేరదామంటే కదల్లేదు.

"మీరు టీ తాగండిరా. నన్ను ఇంకాసేపు కూర్చోనివ్వండి."

పైలట్ ఇంజిన్ ఆపేశాడు. మేం టీ కాచుకున్నాం. ఆమె ఆకు మీద అరచెయ్యి ఉంచి, దక్షిణంగా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.