రేకు ముక్క

వీధి చివర రేకుల షెడ్డులో బళ్లు బాగుచేసే మేస్త్రిని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఆయన చెవుల్లో వింతేమీ లేదు. అందరికీ ఉన్నట్టే రెండు, కాకపోతే వెంట్రుకలు కాస్త ఎక్కువ. కానీ బండి ఇంకా మలుపు తిరగకముందే దాని రోగమేమిటో చెప్పేసేవాడు. "బెల్టు ఏడుస్తోంది", "ఒక ప్లగ్గు పస్తులుంది" అని చేస్తున్న పనిలోంచి తలెత్తకుండానే అనేవాడు. బానెట్ ఎత్తి చూస్తే చాలాసార్లు అదే అయ్యేది. కానిసార్ల సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి.

బ్యాటరీ బలం చూసే మీటరు ఒకటి షెడ్డులో ఉంది. సొరుగు అడుగున, పాత గుడ్డల కింద పడి ఉండేది. "అది చెవులు లేనివాళ్లకి" అనేవాడు మేస్త్రి.

ఆయనకు ఒక్కతే కూతురు. అల్లుడు ఆస్పత్రిలో మందులిచ్చే కౌంటర్లో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. చీటీలో రాసిన మందు పేరు ఒకసారి, చేతిలో ఉన్న మందు పేరు ఒకసారి చదువుకుని గాని ఇవ్వడు. ఇంట్లోనూ అంతే, తాళం వేశాక ఒకసారి లాగి చూసుకుంటాడు. ఈ జాగ్రత్త చూసి మేస్త్రి భార్య మురిసిపోయేది. మేస్త్రికి మాత్రం లోపల ఎక్కడో చిరచిరలాడేది. దానికొక కారణం ఉంది. ఆ మధ్య అల్లుడి కారుకు కొత్త బ్యాటరీ వేసినప్పుడు, ఆ పెద్దమనిషి పక్కన నిలబడి చేతులు కట్టుకుని, "ఒకసారి మీటరు పెట్టి చూస్తారా, మామయ్యగారూ?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ చెవి మేస్త్రిని పట్టుకుని మీటరు పెట్టమనడమంటే వంటచేసిన ఆవిడ ఎదుటే ఉప్పు సరిపోయిందా అని పక్కింటివాళ్లని అడగడమే. మేస్త్రి నవ్వేసి ఊరుకున్నాడు గాని, ఆ మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి మేస్త్రి బావమరిది ఇంట్లో అందరికీ భోజనాలు. తిని, కబుర్లాడి, ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటూ వీధిలోకి వచ్చేసరికి అల్లుడి కారు కదలనంది. తాళం తిప్పితే 'టిక్' అని ఒక్క చప్పుడు, అంతే. స్టీరింగ్ వెనక వెలుగుతున్న బుల్లి లైట్లు కూడా ఆ దెబ్బతో ఆరిపోయాయి. చుట్టాలంతా గేటు దగ్గర మూగారు. అంతమందిలో మేస్త్రికి హుషారొచ్చింది. తన బండిని ముక్కుకి ముక్కు ఆనేలా తెచ్చి పెట్టి, ఒక బండి కరెంటు ఇంకో బండికి అందించే జంపర్ వైర్లు తీసి, బ్యాటరీకి బిగించి ఉన్న కారు తీగల క్లాంపుల మీద తగిలించాడు. అల్లుడు తాళం తిప్పగానే ఇంజను గుర్రుమంది.

"అయితే బ్యాటరీ చచ్చిందన్నమాట" అన్నాడు మేస్త్రి, అందరికీ వినబడేలా. "కొత్త బ్యాటరీ ఊరికే చావదు. లైటు ఆపకుండా లోపలికొచ్చి తీరిగ్గా భోంచేశారు అల్లుడుగారు."

"ఆపాననే గుర్తు, మామయ్యగారూ."

"గుర్తుంటే ఇలా ఎందుకైంది? మీ గుర్తు గొప్పదా, నా చెవి గొప్పదా?"

జనం నవ్వారు. బావమరిదికి ఇలాంటివి దొరికితే పండగే. "ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయట! బావా, నీకు దీపం అల్లుడు దొరికాడు" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రే. అల్లుడు కూడా నవ్వబోయాడు. ముఖం మాత్రం ఎర్రగా కంది, చేతిలో తాళాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. కూతురు కారెక్కి కూర్చుంది.

మర్నాడు ఆ కారు షెడ్డుకొచ్చింది. మేస్త్రి బ్యాటరీ విప్పి ఛార్జరుకి తగిలించి, టీ తాగి వద్దామని గుమ్మం దాకా వెళ్లాడో లేదో, నిండిపోయిందని పచ్చ లైటు వెలిగింది. చచ్చిన బ్యాటరీ అంత తొందరగా నిండదు. ఛార్జరు పాడైందేమోనని దాన్ని రెండు దెబ్బలు వేశాడు. చివరికి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, సొరుగులోంచి మీటరు తీశాడు. అదీ అదే చెప్పింది.

అప్పుడు కారు దగ్గరికి వెళ్లి క్లాంపులు చూశాడు. ఒకదాని లోపల నల్లగా మాడిన రేకు ముక్క ఉంది, బిస్కెట్ల డబ్బాది. దాన్ని కత్తిరించి అక్కడ పెట్టింది ఆయనే. కొత్త బ్యాటరీ మీది సీసపు బొడిపె సన్నగా ఉండి క్లాంపు వదులైతే, సరైన తొడుగు కోసం బజారుకి వెళ్లడానికి బద్ధకించి, రేకు చుట్టి బిగించేశాడు. వేరే షెడ్డువాడు చేసిన ఇలాంటి పని కంటబడితే వాడి ఏడు తరాల్ని తిట్టేవాడు. రేకు మాడి కరెంటు అందక కారు ఆగిపోయింది. నిన్న జంపర్ వైర్లు క్లాంపు మీదే తగిలించాడు గనక, రేకుతో పని లేకుండా పక్క బండి కరెంటు నేరుగా లోపలికెళ్లి స్టార్టయింది. బ్యాటరీ చావలేదు, లైటు వెలిగి ఉండలేదు.

ఇంకో సంగతి గుర్తొచ్చి మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. బ్యాటరీ చస్తే టిక్ టిక్ టిక్ అని వరసగా కొట్టుకుంటుంది. ఎక్కడో కనెక్షన్ వదులైతే ఒక్క టిక్కుతో అన్నీ ఆరిపోతాయి. నిన్న వినబడింది ఒక్కటే. చెవి సరిగ్గానే విన్నది. కానీ అల్లుణ్ణి అనడానికి మాట అప్పటికే నాలుక మీద సిద్ధంగా ఉంది, చెవి మాట వినేదెవరు?

సిగ్గుతో చితికిపోయాడు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తే పోతుందనుకున్నాడు. ఫోన్ తీశాడు కూడా. బావమరిది ముఖం కళ్లముందు కదిలింది. 'రేకు మేస్త్రి' అనడానికి వాడికి నిమిషం పట్టదు. ఫోన్ జేబులో పెట్టి, కొత్త సీసపు తొడుగు తెప్పించి వేసి, క్లాంపు బిగించాడు. మాడిన రేకును పారేయబోయి, ఎందుకో పారేయలేక మీటరు పక్కన సొరుగులో దాచాడు. సాయంత్రం అల్లుడు కారు కోసం వస్తే, "ఛార్జింగ్ పెట్టాను, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. "తప్పకుండా, మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా లోపలికి వెళ్లిపోయాడు.

దీపం అల్లుడన్న పేరు చుట్టాలందరి నోళ్లలో నానింది. ఎవరింటికెళ్లినా, "బాబూ, లైటు ఆపావా?" అని పలకరింపు. అల్లుడు కారు ఆపాక దిగి, ముందుకెళ్లి చూసి, వెనక్కెళ్లి చూసి, గుమ్మం దాకా వచ్చి మళ్లీ వెళ్లి చూడడం మొదలుపెట్టాడు. స్విచ్చిని ఫోన్లో ఫోటో తీసుకునేవాడు. మేస్త్రి భార్య జాలిపడి, "ఏమండీ, ఆ అబ్బాయిని అంత మాట అనకుండా ఉండాల్సింది" అంటే, "నేనేం అన్నానే?" అని అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు మేస్త్రి.

ఒకరోజు మధ్యాహ్నం కూతురు ఒక్కతే షెడ్డుకొచ్చింది. ఎన్నడూ అలా రాదు.

"నాన్నా, ఆయన ఉద్యోగం మానేస్తానంటున్నారు."

మేస్త్రి చేతిలో పానా ఆగిపోయింది. "ఏమైందమ్మా?"

"మా మామగారి సంగతి నీకు తెలుసుగా. చిన్న వయసులోనే మతిమరుపు వచ్చి, చివరికి కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. అది మొదట ఎలా బయటపడిందో తెలుసా? పొయ్యి ఆపానని ఒట్టేసి చెప్పేవారట, వెళ్లి చూస్తే వెలుగుతూ ఉండేదట. ఈయనకి లైటు ఆపిన సంగతి చేతికి కూడా గుర్తుందట నాన్నా, స్విచ్చి తిప్పినట్టు. మరి ఆపకపోతే తనకీ అది మొదలైనట్టే కదా అంటున్నారు. కౌంటర్ మీద మందులివ్వనని తనే తప్పుకున్నారు. పాపని స్కూలు నుంచి తేవడం కూడా మానేశారు, ఎక్కడ మర్చిపోతానోనని."

మేస్త్రి పానా పక్కన పెట్టాడు.

"నువ్వు చెప్పింది తప్పయ్యుంటుందా అని అడగడానికొచ్చాను" అంది కూతురు. "తప్పైతే బావుండునని ఉంది నాన్నా. నిజంగా లైటేనా?"

చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం ఎప్పుడొస్తుంది? ఎదురుగా కూతురు, చేతికందే దూరంలో సొరుగు. కానీ మేస్త్రి, "ఆదివారం అందరూ ఇంటికొస్తున్నారుగా, అప్పుడు కారు మళ్లీ చూస్తాను. ఈలోగా ఆయన్ని తొందరపడొద్దను" అన్నాడు. కూతురు తలూపి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఛీ, నీ బతుకు అని తనను తనే తిట్టుకున్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో కూర్చున్నారు. బావమరిది అలవాటుగా, "దీపం అల్లుడుగారూ, లైటు..." అని మొదలెట్టాడు.

"ఆపు!" అన్నాడు మేస్త్రి. "ఆ రోజు లైటు కాదు. తప్పు నాది. బ్యాటరీకి నేను వేసిన రేకు మాడిపోయి కారు ఆగింది."

బావమరిది చప్పట్లు కొట్టాడు. "చూశారా, అల్లుణ్ణి ఎలా వెనకేసుకొస్తున్నాడో! పైకి కోపిష్టి గాని మా బావ మనసు వెన్న."

"నిజంరా!"

"నువ్వు రేకు వేస్తావా బావా? చెవి మేస్త్రి రేకు వేస్తే ఇంకేముంది!"

అందరూ మెచ్చుకోలుగా చూశారు. ఇంత గౌరవం మేస్త్రికి ఇన్నాళ్లలో ఎన్నడూ దొరకలేదు, దొరికింది ఇప్పుడు, దీనికి. ఆయనకు నేల చీలిపోతే బావుండుననిపించింది. అల్లుడు లేచి దగ్గరికొచ్చి మెల్లగా, "నా కోసం మీరు అలా చెప్పక్కర్లేదు, మామయ్యగారూ" అన్నాడు. ఆ కళ్లలో కృతజ్ఞత చూశాక మేస్త్రి ఇంక కూర్చోలేకపోయాడు.

షెడ్డుకి వెళ్లి సొరుగు లాగి రేకు ముక్కా, మీటరూ పట్టుకొచ్చాడు. "అందరూ వీధిలోకి రండి" అన్నాడు. అల్లుడి కారు బానెట్ ఎత్తాడు. బ్యాటరీకి మీటరు పెట్టి, అంకె బావమరిదికి చూపించి నిండుగా ఉందని ఒప్పించాడు. సీసపు తొడుగు తీసి, దాని చోట మాడిన రేకు చుట్టి, క్లాంపు బిగించాడు. "బాబూ, సెల్ఫ్ కొట్టండి."

ఇంజను చక్కగా స్టార్టయింది.

జనం గొల్లున నవ్వారు. "ఇంక చాల్లే బావా, కారు కూడా నీ మాట నమ్మట్లేదు" అన్నాడు బావమరిది. మేస్త్రికి చెమటలు పట్టాయి. నిజం చెప్పడం ఇంత కష్టమని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు. క్లాంపును చేత్తో కాస్త అటూ ఇటూ కదిపాడు. "ఆపి, మళ్లీ కొట్టండి."

'టిక్.'

బుల్లి లైట్లన్నీ ఆరిపోయాయి. నవ్వులు ఆగాయి. మేస్త్రి తన బండి తెచ్చి, ఆ రోజు తగిలించినట్టే వైర్లు క్లాంపుల మీద తగిలించాడు. ఇంజను గుర్రుమంది. వైర్లు తీసి ఆపించి మళ్లీ కొట్టమన్నాడు. 'టిక్.' ఈసారి బావమరిది దగ్గరికొచ్చి, మాడిన రేకు వైపు వంగి చూశాడు. మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మర్నాడే నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి, ఎవరి వైపూ చూడకుండా. "తెలిసీ చెప్పలేదు. మీరంతా నవ్వుతారని."

అల్లుడు స్టీరింగ్ ముందు అలాగే కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాడు మేస్త్రి. అరిస్తే బావుండుననుకున్నాడు. అల్లుడు ఎడమచేత్తో లైటు స్విచ్చిని వెతికి పట్టుకుని, వేసి, ఆపాడు.

"అయితే ఆ రోజు నేను లైటు ఆపాను" అన్నాడు. మామతో కాదు, కిటికీ పక్కకి వచ్చి నిలబడ్డ భార్యతో. "ఆపాను. నాకు గుర్తుంది."

కూతురు అతని భుజం పట్టుకుని ఏడ్చేసింది. తండ్రి వైపు తల తిప్పలేదు.

అల్లుడు మళ్లీ తాళం తిప్పాడు. 'టిక్.' మళ్లీ తిప్పాడు. 'టిక్.' చెంపల మీదికి కన్నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. స్టార్టవని ఆ కారులో కూర్చుని, ఎన్నిసార్లు విన్నా తనివితీరనట్టు తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఇంక ఆపమని చెప్పే ముఖం మేస్త్రికి లేదు. బానెట్ పట్టుకుని తల వంచుకుని నిలబడి, ప్రతి చప్పుడూ విన్నాడు.