ఒదినె చేతి అన్నం

దశరథానికి అన్నం మీద అనుమానం పుట్టింది. మనిషి మీద పుడితే మాట మానేయొచ్చు, ఊరి మీద పుడితే ఊరు విడిచిపోవచ్చు. అన్నం మీద పుడితే ఏం చేస్తాడు పాపం? పూటపూటకూ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది కదా మహాతల్లి!

ఆ అన్నం పెట్టేది ఒదినె బాలలక్ష్మి. సిరిసిల్ల సాలెవాడలో రెండు మగ్గాల ఇల్లు వాళ్లది. ఒకదాని మీద అన్న లింగమూర్తి, ఇంకోదాని మీద ఒదినె నేసేవాళ్లు. వాళ్లకు నాలుగేళ్ల కూతురు. దశరథానికి చిన్నతనంలో జ్వరం తగిలి రెండు కాళ్లూ పడిపోయాయి కాబట్టి మగ్గం గుంటలో దిగి తొక్కలేడు. అయితేనేం, ఊరికే కూర్చుని తిన్నవాడు కాదు. మోకాళ్లకు సైకిల్ టైరు ముక్కలు కట్టుకుని, అరచేతులు నేలకు ఆనించి, వాడంతా పాకుతూ తిరిగేవాడు. ఏ ఇంట్లో అచ్చు అతకాలన్నా అతనికే కబురొచ్చేది.

అచ్చు అతకడమంటే మగ్గం మీద అయిపోవచ్చిన పాత నూలు కొసలకు కొత్త నూలు కొసలను ఒక్కో పోగే పట్టుకుని పురిపెట్టి కలపడం. పోగు జారకుండా చాలామంది వేళ్లకు బూడిద రాసుకుంటారు. దశరథం వేలు నాలుకకు అద్దుకుని ఇట్టే పురిపెట్టేసేవాడు. "బూడిద రాస్తె గుడ్డ మాస్తది. నేను ముట్ట" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ గొప్పకు తగ్గ పనితనమూ ఉండేది, కాదనలేం.

అలాంటివాణ్ని ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు వానాకాలంలో జిగట విరేచనాలు పట్టుకున్నాయి. కడుపులో మెలిపెట్టడం, చెంబు పట్టుకుని పరుగు. పరుగంటే కాళ్లున్నవాళ్ల మాట. దశరథం పెరట్లోకి పాకేలోగా కొన్నిసార్లు ధోతి పాడయ్యేది, కొన్నిసార్లు వాకిలి పాడయ్యేది. ముప్ఫై ఏళ్ల మగవాడు! సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఒదినె వచ్చి నీళ్లు పోసి, చీపురుతో కడిగి పోయేది. ఒక్క మాట అనేది కాదు. విసుక్కున్నా బాగుండేది, తిట్టినా బాగుండేది. ఆ ఏమీ అనకపోవడమే దశరథానికి మింగుడుపడేది కాదు. లోపల ఏం పెట్టుకుని ఇంత నిమ్మళంగా ఉందీమె?

కరీంనగర్ దవాఖానలో చేరితే నయమైంది. ఇంటికొచ్చాక ఒదినె కొన్నాళ్లు జొన్నజావ, మజ్జిగ ఇచ్చింది. ఒంట్లో కాస్త నెత్తురు పట్టింది, లేచి కూర్చున్నాడు. ఇక పనికి పోతానన్నాడు. "పనికి పోయేటోనికి జావ ఏం ఆగుతది?" అని ఒదినె ఆ రోజు నుంచి అన్నం, పప్పు పెట్టింది. వారం తిరక్కుండా మళ్లీ అదే మెలి, అదే చెంబు. మళ్లీ దవాఖాన, మళ్లీ జావ. మళ్లీ పని, మళ్లీ అన్నం, మళ్లీ రోగం. మూడోసారికి డాక్టరుకే చిరాకు పుట్టింది.

"నీ కడుపులకు మళ్ల మళ్ల ఏదో పోతున్నదయ్యా. నోట్లకు ఏం పోతున్నదో జర చూసుకో" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు దశరథం. జావ తాగినన్నాళ్లు కడుపు బంగారంలా ఉంటోంది. అన్నం ముట్టగానే తిరగబడుతోంది. ఎవడికైనా అనుమానం రాదా మరి? దానికి తోడు పక్కింటి ఐలవ్వ ఉండనే ఉంది. నలుగురి ఇళ్ల సంగతులూ నమిలితే గానీ ఆమెకు తిన్నది అరగదు.

"నా నోట్లకెల్లి రావద్దు గని బిడ్డా, గిది రోగం కాదు. నీకు మందు వెట్టిన్రు" అంది గొంతు తగ్గించి.

మందంటే ఆ వాడలో దవాఖాన మందు కాదు. మనిషిని లొంగదీయడానికో, అడ్డం తొలగించుకోవడానికో తిండిలో కలిపి పెట్టేది. ఆ మాట వింటేనే జనానికి ఒళ్లు జలదరిస్తుంది.

"ఒదినె ఎందుకు వెడ్తదవ్వా? నేనేం జేసిన?"

"నువ్వేం జెయ్యాలె? నువ్వు పండే మూల ఖాళీ అయితే మూడో మగ్గం వడదా?"

దశరథం గుండె గుభేలుమంది. నిజమే కదా! ఇంకో మగ్గం పడితే మంచిగుండు, జాగనే లేదని ఒదినె అన్నతో అనడం తను చెవులారా విన్నాడు. ఆ రోజు మామూలు మాటే అనిపించింది. ఇప్పుడు దానికి కోరలు మొలిచాయి.

అప్పటినుంచి ఒదినె మీద కన్నేసి ఉంచాడు. తన పళ్లెం వేరుగా ఎందుకు కడుగుతోంది? తనకు వడ్డించేటప్పుడు అటు తిరిగి ఎందుకు నిలబడుతోంది? ఒకరోజు పాకుతూ వంటింటి గడపదాకా వెళ్లేసరికి బాలలక్ష్మి రోట్లో ఏదో నూరుతోంది. అతన్ని చూడగానే రోటి మీద కొంగు కప్పింది.

"ఏం నూరుతున్నవ్ ఒదినే?"

"కారం" అంది తడబడుతూ.

కారం ఎర్రగా ఉండాలి కదా! కొంగు పక్కనుంచి కనిపించింది మట్టి రంగు. ఆ మధ్యాహ్నం పప్పు చేదుగా తగిలింది. దశరథం ఓ ముద్ద తీసి వాకిట్లో కుక్కకు వేశాడు. కుక్క తిని, ఇంకా పెట్టమని తోకాడించింది. కుక్కకు మందు పట్టదేమోలే అనుకున్నాడు. అనుమానపు మనిషికి జవాబు దొరకనిది ఎప్పుడు గనక!

ఇక ఆగలేక అన్నకు చెప్పేశాడు. లింగమూర్తి మొదట కొట్టడానికి లేచాడు. "నీ పియ్యి ఉచ్చలు ఎత్తిన మనిషిరా గది!" అని అరిచాడు. కానీ నూరిన సంగతి, కొంగు కప్పిన సంగతి వినేసరికి గొంతు తగ్గింది. భార్యను పిలిచి ఇదేమిటని అడగనూ లేదు, తమ్ముడి నోరు మూయించనూ లేదు. "అమాస నాడు కులపెద్దల ముంగట అడుగుదాం" అని మగ్గం గుంటలోకి దిగిపోయాడు. అమావాస్య నాడు మగ్గాలు ఆగుతాయి, కులం కూర్చుంటుంది. తలుపు వెనకే ఉన్న బాలలక్ష్మికి అంతా వినబడింది.

అమావాస్యకు ఇంకా వారముంది. దశరథం తన మూలలో మూడు రాళ్లు పెట్టుకుని విడిగా వండుకోవడం మొదలుపెట్టాడు. బియ్యం తానే కడిగాడు, నీళ్లు మరగకాచుకుని తాగాడు, ఉప్పు కూడా మూటగట్టి నడుముకు దోపుకున్నాడు. ఇక ఎవరేం కలుపుతారో చూద్దామని! ఒదినె చూస్తూనే ఉంది. ఆ వారమంతా పనికి మాత్రం పోతూనే ఉన్నాడు.

అమావాస్య ముందురోజు కులపెద్ద రాజయ్య ఇంట్లో అచ్చు పని. ముసురు పట్టి వాడంతా చిత్తడి. బర్రెల పేడా, మోరీల నీళ్లూ, పిల్లలు దొడ్డికి కూర్చున్న చోట్లూ అన్నీ కలిసిపోయిన ఆ బురదలోనే పాకుతూ వచ్చాడు దశరథం. మగ్గం ముందు కూర్చుని, చేతులు ధోతికి తుడుచుకుని పని మొదలుపెట్టాడు. కొంతసేపటికి కడుపులో సన్నగా మెలిపెట్టింది. అతనికి ఒళ్లంతా చెమట పోసింది. వారంనుంచి తిన్నది తన వంట! తాగింది తను కాచిన నీళ్లు! ఇంకెవరు పెట్టారు మందు?

అలవాటు చొప్పున వేలు నాలుకకు అద్దుకున్నాడు. ఇసుక తగిలింది. ఇంకోరోజైతే థూ అని ఉమ్మి పని చూసుకునేవాడే. ఇన్నాళ్లుగా నోట్లోకి పోయే ప్రతిదాన్నీ పట్టి పట్టి చూడడం అలవాటైన మనిషి కదా, వేలు తీసి వెలుగులో పెట్టి చూశాడు. గోటి సందున నల్లగా బురద. అరచెయ్యి గీతల్లో బురద. పొద్దున పెరటికి పోయివచ్చిందీ ఈ చేతుల మీదే, వాడంతా నడిచిందీ ఈ చేతుల మీదే. అన్నం ముందు కడుక్కునేవాడు. పోగు ముందు ఎన్నడైనా కడుక్కున్నాడా?

జావ తాగినన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాడు, పోగు ముట్టలేదు. పనికి పోయిన రోజే ఒదినె అన్నం మొదలుపెట్టింది. రెండూ ఒక్కనాడే మొదలయ్యాయి. అతను అన్నాన్ని మాత్రమే చూశాడు.

"ఏందిరా, ఆగినవ్?" అన్నాడు రాజయ్య.

"ఏం లేదు పెదనాయినా" అని దశరథం వేలు మళ్లీ నాలుకకే అద్దుకున్నాడు. నిజం చెబితే ఇంకేముంది? తన మలం తనే తిన్నాడని వాడంతా నవ్వుతుంది. ఆ చేతుల్ని రేపటినుంచి ఏ ఇంట్లో పోగు మీద పడనిస్తారు? పెళ్లిబట్టలు, దేవుడి బట్టలు అతికిన చేతులు! ఒదినె రేపు ఏమీ కలపలేదని ఒట్టు పెడుతుంది, నింద కొట్టుకుపోతుంది, ఎవరికీ నష్టం లేదని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు కులం కూర్చుంది. అందరి మధ్య బాలలక్ష్మి, ఆమె ఒళ్లో కూతురు. రాజయ్య గొంతు సవరించుకున్నాడు.

"పొడుగు ముచ్చటెందుకు? బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి, దశరథం అన్నంల నేనేం కలుపలేదని చెప్పు. గంతె."

బాలలక్ష్మి చెయ్యి లేచింది. పిల్ల తలకు బెత్తెడు పైన ఆగిపోయింది.

"చెప్ప" అంది. "కలిపిన."

జనం ఉలిక్కిపడ్డారు. "సూసిన్రా!" అంది ఐలవ్వ అందరికంటే ముందు.

"దానిమ్మ తొక్క నూరి పప్పుల కలిపిన. విరేచనాలు కట్టుకుంటయని మా అవ్వ చెప్పింది. చేదని తెలిస్తే తినడని దాపెట్టిన. గంతకంటె ఏం లేదు. గని ఏం కలుపలేదని బిడ్డ మీద అబద్ధపు ఒట్టెట్ల వెట్టాలె?"

"తొక్కనో ఇంకేందో ఎవలకెరుక?" అన్నాడు రాజయ్య. "నీ నోటితోనే ఒప్పుకున్నవ్. నువ్వు మీ తల్లిగారింటికి పో. బిడ్డ తండ్రి దగ్గరుంటది."

బాలలక్ష్మి మొగుడి వైపు చూసింది. లింగమూర్తి నేలచూపులు చూశాడు. సంగతేమిటో తెలియకపోయినా పిల్ల తల్లి మెడ గట్టిగా పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

దశరథం ఇక ఉండలేకపోయాడు. "ఆగుండ్రి!" అని అరిచి, మనుషుల కాళ్ల మధ్యనుంచి పాకి ముందుకొచ్చాడు.

"ఒదినె తప్పేం లేదు. నిన్నటిదాక వారం దినాలు నేనే వండుకొని తిన్న. అయినా కడుపు నొచ్చింది. గీ చేతులు సూడుండ్రి" అని రెండు అరచేతులూ పైకెత్తాడు. "మీరు కాళ్లతోటి తొక్కేదంత నేను చేతులతోటి తొక్కుత. దొడ్డికి వోయొచ్చేది గీ చేతుల మీదనే. గీ వేలే నాలికెకు అద్దుకొని పోగు అతుకుత. నా మందు నేనే వెట్టుకున్న. నిన్ననే తెలిసింది నాకు. సిగ్గయి చెప్పలే."

రాజయ్య మెల్లగా అడిగాడు.

"నిన్న నా అచ్చు...?"

"గట్లనే అతికిన పెదనాయినా. తెలిసినంక గూడ."

"థూ!" అన్నాడు రాజయ్య. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. నవ్వు పాకింది. దశరథం చెవులు మండిపోయాయి. అయినా కదలకుండా అక్కడే కూర్చున్నాడు, ఒదినె బిడ్డనెత్తుకుని లేచి ఇంటిదారి పట్టేదాకా.

ఆ పూట ఇంట్లో బాలలక్ష్మి అతని చేతుల మీద చెంబెడు నీళ్లు పోసింది. సబ్బు ముక్క ఇచ్చి రుద్దుకోమంది. మళ్లీ పోసింది. తర్వాత అన్నం గిన్నె, పప్పు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"నువ్వే వెట్టుకో" అంది.

"ఒదినే, నాది తప్పయింది. నీ కాళ్లు మొక్కుత. నువ్వు పెట్టు." దశరథం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నాకు కోపం లేదు దశరథం. నీ కడుపు మంచిగైతది, నాకు గది చాలు. గని రేపు మల్ల జర నొస్తే, నువ్వు ముందుగాల నా చేతులకే చూస్తవ్. ఇంకోసారి కులం ముంగట నిలవడుడు నాతోటి కాదు."

లింగమూర్తి పక్కన కూర్చుని పళ్లెం ముందుకు జరిపాడు. ఆమె ఇంకో గిన్నె తెచ్చి అతని ముందు కూడా పెట్టింది.

చలికాలం వచ్చేసరికి దశరథం కడుపు పూర్తిగా బాగుపడింది. మళ్లీ తిరగబడలేదు. కొన్నాళ్లు ఎవరూ పిలవలేదు గానీ, అంత చక్కగా అతికేవాడు ఇంకొకడు దొరక్క చివరికి రాజయ్యే కబురు పెట్టాడు, చెంబెడు నీళ్లూ బూడిద గిన్నే ముందు పెట్టి. బాలలక్ష్మి రోజూ వేళకు వండేది, ఏ లోటూ చేయలేదు. అన్నదమ్ములిద్దరి ముందూ గిన్నెలు పెట్టి, అటు వెళ్లి కూర్చుని, కూతురికి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. వాళ్లిద్దరూ తలలు వంచుకుని, ఎవరి అన్నం వాళ్లు పెట్టుకుని తినేవాళ్లు.