అనుమతి అక్కర్లేని రోడ్డు

ఉన్‌సిల్ మొదటిసారి నా కారు స్టీరింగ్ ముందు కూర్చున్న రోజు, బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకుని, నావైపు తిరిగి, "టీచర్, మనం ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికి చెప్పాలి?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. "ఎవరికీ చెప్పక్కర్లేదమ్మా. ఊరికే అలా ఒక రౌండు వేసొద్దాం," అన్నాను.

"ఊరికేనా?" అంది. నమ్మినట్టు లేదు.

నా పేరు జరీనా. మాది తెనాలి. మెల్‌బోర్న్ చివర క్రాన్‌బర్న్‌లో డ్రైవింగ్ నేర్పిస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. కొత్తగా దిగిన కోడళ్ళు, యూనివర్సిటీకి వెళ్ళే పిల్లలు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏళ్ళ తరబడి నడిపి ఇక్కడి రౌండెబౌట్ దగ్గర బిక్కమొహం వేసే అంకుల్స్. ఉన్‌సిల్ వీళ్ళెవరిలాగా లేదు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా ఉంటుంది కానీ చేతులు మాత్రం కష్టం చేసిన చేతులు. క్లైడ్ వైపు కూరగాయల తోటలో ఆకుకూరలు కోసే పని. ఇంగ్లీషు వచ్చీరానట్టు ఉండేది. మీది ఏ దేశం అంటే "కొరియా" అంది. నేను ఉత్సాహంగా మా అమ్మాయి చూసే కొరియా సీరియళ్ళ సంగతి ఎత్తాను.

"అది కింద కొరియా. మాది పైది," అంది.

ఉత్తర కొరియా అంటే నాకు తెలిసిందల్లా టీవీలో కనిపించే కవాతులు, క్షిపణులు. అక్కడ మనుషులు పొద్దున్నే లేచి ఏం తింటారో, ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడూ ఆలోచించలేదు. సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు, పార్కింగ్ నేర్చుకుంటూ అలిసిపోయినప్పుడు, ఆవిడే ఒక్కో ముక్కా చెప్పింది.

అక్కడ ఒకటే పార్టీ మాట. ఎన్నికలు జరుగుతాయి, కానీ చీటీ మీద ఉండేది ఒక్క పేరే. అందరూ మంచి బట్టలు కట్టుకుని వెళ్ళి దాన్నే పెట్టెలో వేసి రావాలి. ప్రతి ఇంట్లో గోడ మీద నాయకుల పటాలుండాలి. వాటి పక్కన ఇంకే బొమ్మా ఉండకూడదు, దుమ్ము అసలు ఉండకూడదు. రేడియోలో వచ్చేది ప్రభుత్వం మాటే. వారానికోసారి మీటింగు పెడతారు. అందులో లేచి నిలబడి ఈ వారం నేను ఈ తప్పు చేశానని చెప్పుకోవాలి, పక్కవాడి తప్పు కూడా చెప్పాలి.

"తప్పు చెయ్యకపోతే?" అని అడిగాను.

"చిన్నది ఒకటి తయారు చేసుకుంటాం. నేనూ మా ఫ్రెండూ ముందే మాట్లాడుకునేవాళ్ళం. ఈ వారం నువ్వు నన్ను తిట్టు, వచ్చే వారం నేను నిన్ను తిడతా అని," అంటూ నవ్వింది.

ఆవిడ నవ్వగా చూడ్డం అదే మొదలు.

చిన్నప్పుడు పెద్ద కరువు వచ్చిందట. రేషన్ ఆగిపోయింది. కొండల మీద గడ్డి, చెట్ల బెరడు ఉడకబెట్టుకు తిన్నారు. వాళ్ళ నాన్న ఆ కరువులోనే పోయాడు. అప్పుడు ఆడవాళ్ళే బజారులో కూర్చుని దొరికింది అమ్మి ఇళ్ళు నడిపారు. పక్క జిల్లాకు వెళ్ళాలన్నా అనుమతి కాగితం కావాలి. రోడ్డు మీద చెక్‌పోస్టులు. సొంత కారు అన్న మాటే లేదు, పెద్ద పదవిలో ఉంటే తప్ప.

"మరి నీకు లైసెన్సు మీద ఇంత పట్టుదలేంటి?" అన్నాను ఒకరోజు.

"కూవీరప్‌లో నర్సరీ ఉంది. అక్కడ నాకు మంచి పని ఇస్తామన్నారు. పొద్దున అటు బస్సు లేదు," అంది. అద్దం సరిచేసుకుంటూ మళ్ళీ అంది. "ఇంకొకటి. ఎటు తిరగాలో ఒక్కసారైనా నేనే అనుకోవాలి."

చెయ్యి తిరిగింది. రివర్స్ పార్కింగ్ నాకంటే నున్నగా చేసేది. సరేనని టెస్టుకి పంపించాను. ఫెయిలయింది.

ఏం జరిగిందంటే, టెస్టు చేసే ఆయన పక్కన కూర్చున్నాడు. మెడలో బ్యాడ్జి, చేతిలో టాబ్లెట్. ఆయన ఏదో రాసుకోవడం మొదలుపెట్టేసరికి ఈవిడ చూపు రోడ్డు మీంచి ఆ టాబ్లెట్ మీదకు పోయింది. అంతలో వెనక ఒక పోలీసు కారు వచ్చింది. ఎవరూ ఆపమనకుండానే ఉన్‌సిల్ కారు పక్కకు తీసి, ఇంజను ఆపేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చుంది. పోలీసులు వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

"మా వీధిలో ఒకావిడ అందరి గురించీ రాసేది," అంది తిరిగొస్తూ. "ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరింట్లో మాంసం వాసన వచ్చింది. రాయడం చూస్తే నాకు ఊపిరి ఆగిపోతుంది, టీచర్."

రెండోసారీ అంతే. ఈసారి పోలీసులు కూడా లేరు, ఆయన రాసుకోవడం చూసి పచ్చలైటు దగ్గర ఆగిపోయింది.

ఆ రాత్రి అన్నాలు తింటూ మా ఆయన రెహాన్‌ని అడిగాను. ఆయన షాపింగ్ సెంటర్‌లో సెక్యూరిటీ. "ఏమండీ, మీరు యూనిఫాం వేసుకుని ఒక గంట నవ్వకుండా నా కారు వెనక సీట్లో కూర్చోగలరా?"

"నవ్వకుండానా? పెళ్ళయ్యాక అలవాటైపోయిందిలే," అన్నాడు.

శనివారం నల్ల చొక్కా, భుజాల మీద పట్టీలు, చేతిలో కాగితం పెట్టిన అట్ట, పెన్ను పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. విషయం ముందే చెప్పాను ఉన్‌సిల్‌కి. తలూపింది. కానీ అద్దంలో ఆయన్ని చూడగానే తలుపు తీసి దిగిపోయింది. "నా వల్ల కాదు," అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రెహాన్ మొహం మాడిపోయింది. "పాపం, భయపెట్టానా?" అని ఇంటిదాకా అదే గొడవ.

ఇక రాదనుకున్నాను. వారం తిరక్కుండానే ఫోను చేసింది. "టీచర్, యూనిఫాంని తీసుకురండి."

ఆ రోజు ఇరవై నిమిషాలు నడిపింది. నుదుటి మీద చెమట. వెనక నుంచి పెన్ను చప్పుడు. ఆ తర్వాతి వారం గంట నడిపింది. చివర్లో కారాపి, వెనక్కి తిరిగి, నేరుగా రెహాన్‌నే అడిగింది. "మీరు ఏం రాశారు?"

ఆయన అట్ట తిప్పి చూపించాడు. ఉల్లిపాయలు, కొత్తిమీర, పాలు, మా అమ్మకి మందులు. మర్చిపోకుండా తీసుకోవాల్సిన సరుకులన్నీ రాసుకున్నాడు. ఉన్‌సిల్ ఆ కాగితం వంక చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, కొత్తిమీర మా తోటలో తాజాగా ఉంటుంది, తెచ్చిస్తానంది.

అసలు పరీక్ష అది కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద రోడ్డు ఎక్కి మలుపు తిరిగేసరికి ఎదురుగా పోలీసులు. మందు తాగి నడిపేవాళ్ళని పట్టుకునే బస్సు అడ్డంగా పెట్టి, ఒక్కో కారూ ఆపుతున్నారు. ముందుకు పోక తప్పదు, వెనక్కి తిప్పే వీల్లేదు. ఉన్‌సిల్ మొహంలో రక్తం లేదు.

"చెక్‌పోస్టు," అంది.

"కాదు. ఊదమంటారు, ఊదుతావు, అంతే. నేనున్నాగా. నెమ్మదిగా పోనీ."

యువకుడైన పోలీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే ఉన్‌సిల్ హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి అతని చేతిలో పెట్టింది. కింద కొరియా వాళ్ళిచ్చిన పాస్‌పోర్టు, వీసా, ఇంటి అగ్రిమెంటు, తోట వాళ్ళిచ్చిన ఉత్తరం, అన్నీ ఉన్నాయి అందులో. ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. "ఇవన్నీ వద్దు మేడమ్. మీ లెర్నర్ కార్డు చూపించి ఇందులో ఊదండి చాలు."

ఊదింది. మిషను కూత పెట్టింది. అతను ఫైలు తిరిగిచ్చి, "థాంక్యూ, జాగ్రత్తగా వెళ్ళండి," అన్నాడు.

కారు కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. నేను స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యబోయాను. "వద్దు," అంది ఉన్‌సిల్. పళ్ళు బిగించి బ్రేకు వదిలింది. ఇండికేటర్ వేసి, అద్దం చూసుకుని, భుజం మీదుగా చూసి, మళ్ళీ రోడ్డు మీదకు వచ్చింది. ఒక్క తప్పూ లేదు. చాలా దూరం పోయాక తనే అంది.

"టీచర్, మూడోసారికి పేరు రాయించండి. ఈ వారంలోనే."

మూడోసారి పాసయింది. ఏడవలేదు, నన్ను కావలించుకోలేదు. "పాత కారు ఎక్కడ మంచిది దొరుకుతుంది?" అని అడిగింది.

నర్సరీ పనిలో చేరింది. ఒక ఆదివారం తన చిన్న తెల్లకారులో మా ఇంటికి వచ్చింది. మా పెద్దమ్మాయి హీనా సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. దాన్ని చూసి చాలా రోజులైందని మాటల్లో అన్నాను. విమానం టికెట్లు ఎప్పుడు చూసినా మండిపోతున్నాయన్నాను.

"కారులో వెళ్ళొచ్చు కదా?"

"అమ్మో, సిడ్నీదాకా! నేనెప్పుడూ అంత దూరం నడపలేదు."

ఉన్‌సిల్ నన్ను వింతగా చూసింది. "మీరా? టీచర్ మీరు!"

సిగ్గేసింది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటూ, వందల మందికి నేర్పించి, క్రాన్‌బర్న్ చుట్టూనే గిరగిరా తిరుగుతున్నాను. నన్ను ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. "వచ్చే శుక్రవారం ఇద్దరం వెళ్దాం. మార్చి మార్చి నడుపుదాం," అంది. నేను సరేనన్నాను. రెహాన్ పులిహోర కట్టి పంపాడు.

ఆల్బరీ దగ్గరికి వచ్చేసరికి స్టీరింగ్ తన చేతిలో ఉంది. ముందు వంతెన. విక్టోరియా అయిపోయి న్యూ సౌత్ వేల్స్ మొదలయ్యే చోటు. "ఇక్కడితో మన రాష్ట్రం అయిపోయింది. ఈ ముర్రే నదే సరిహద్దు," అన్నాను.

వేగం తగ్గించింది. అటూ ఇటూ చూసింది. కాపలావాళ్ళు లేరు, ముళ్ళకంచె లేదు. నదిలో ఎవరో పిల్లలు ఈత కొడుతున్నారు.

"మా సరిహద్దు కూడా నదే," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తూమెన్. అవతల చైనా. చలికాలం మొదట్లో దాటాను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అమ్మ ఒడ్డున ఆగిపోయింది. ముగ్గురం ఉంటే దొరికిపోతామంది."

మూడో మనిషి ఎవరని అడగలేదు.

వంతెన దాటాం. ఎడమపక్క పెట్రోలు బంకు కనిపిస్తే, "టీ తాగుదామా?" అన్నాను.

"ఇంకో గంట నడిపాక," అంది ఉన్‌సిల్. వేగం పెంచింది.