అయిదో తూటా

నేను ఒక తుపాకీని. పంప్ తుపాకీ అంటారు. ముందున్న పట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే ఒక తూటా బయటపడి, దాని చోటులోకి మరొకటి ఎక్కుతుంది. మనుషులకు ఆ చప్పుడంటే మోజు. నాకు ఇప్పుడు ఆ చప్పుడు గుర్తొస్తే తల దించుకోవాలనిపిస్తుంది. దించుకోవడానికి తల లేదు.

నన్ను ఒక కార్ఖానాలో ఉక్కు కడ్డీని తొలిచి చేశారు. కాల్చే గొట్టం కింద ఇంకో గొట్టం పెట్టారు. అది మ్యాగజైన్. అందులో ఒక స్ప్రింగు. గొట్టానికి తన పొడవు తెలుసు, లెక్క తెలియదు. మూడంగుళాల తూటాలు అందులో నాలుగు పడతాయి. రెండుముప్పావు అంగుళాలవి అయిదు పడతాయి. ఆ అంగుళాలు కూడా తూటా పేలి మూతి విచ్చుకున్నాక కొలిచినవే. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది. అప్పుడు రెండు రకాలూ ఒక్కలాగే కనిపిస్తాయి. పక్కపక్కన నిలబెడితే గోరంత తేడా, అంతే. ఆ గోరంతలన్నీ చేరి గొట్టంలో ఇంకో తూటాకు చోటు చేస్తాయి.

నన్ను మొదట కొన్నది యాదగిరి అనే రిటైరైన సుబేదారు. ఖాళీ చేసిన ప్రతిసారీ లోపల చిటికెనవేలు పెట్టి తడిమి చూసేవాడు. ఇంట్లోవాళ్లు చాదస్తమని నవ్వేవారు. ఆయన పోయాక నన్ను తాటిగూడ పాపిరెడ్డికి అమ్మారు. వేలు పెట్టి చూసే అలవాటును అమ్మలేదు.

పాపిరెడ్డికి అడవి అంచున ఎనిమిదెకరాల మొక్కజొన్న. పందులు పడి తొక్కేవి. కాల్చడానికి అనుమతి తెచ్చుకున్నాడు. పదేళ్లలో మూడు పందులను కొట్టి, ముప్పై పందుల కథలు చెప్పాడు. చేనులో ఆయనకు తోడు, ఆయన్ని పటేల్ అని పిలిచే పాలేరు బక్కయ్య. ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. నింపడం పటేల్ పని, ఖాళీ చేయడం బక్కయ్య పని. తెల్లవారి పటేల్ మంచె దిగి నన్ను బక్కయ్య చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయేవాడు. బక్కయ్య గోనెసంచి పరిచి, పట్టు లాగుతూ ఒక్కో తూటాను దాని మీద పడేసేవాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత మనుషులు లేని వైపు నా మూతి తిప్పి, సుత్తి దిగడానికి మీట నొక్కేవాడు. టక్కుమనేది. పదేళ్లు టక్కుమంది. పదేళ్లూ పటేల్ కొన్నవి మూడంగుళాల తూటాలే.

ఆ ఏడు పట్నం దుకాణంలో అవి దొరకలేదు. పాపిరెడ్డి పొట్టివి తెచ్చాడు. మంచె మీద నింపుతుంటే నాలుగు పడ్డాక ఇంకా చోటు ఉందనిపించి ఇంకొకటి తోశాడు. పట్టింది. సంబరపడ్డాడు. "అగో, అయిదు పట్టినయ్" అని తనలో తను అనుకున్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఆ రాత్రి పంది రాలేదు. తెల్లవారి పటేల్ నన్ను బక్కయ్యకు ఇచ్చి, నడుము పట్టేసిందని గొణుక్కుంటూ బోరు దగ్గరికి పోయాడు. ఇంకేమీ చెప్పలేదు. అప్పుడే ఆయన భార్య అనసూయమ్మ ఫ్లాస్కులో చాయ తెచ్చింది.

"ఏం బక్కన్నా, ఎన్ని పందులను కూల్చిండు మీ పటేల్? తోకన్న దొరికిందా?"

"పందులు వచ్చినయమ్మా. పటేల్ గురక విని ఇంకో మొగ పంది ఉన్నదనుకొని మర్లిపోయినయ్."

ఆమె పడీపడీ నవ్వింది. ఫ్లాస్కు గట్టు మీద పెట్టి, ఉడకేయడానికి లేత కంకులు తెంపుకొస్తానని చేనులోకి నడిచింది. బక్కయ్య అప్పటికే సంచి పరుస్తున్నాడు. ఆ మాట అతని వీపుకు చెప్పినట్టయింది.

నాలుగు పడ్డాయి. నాలుగోది బయట పడుతుండగానే అయిదోది నా గొంతులోకి ఎక్కింది. దాని బరువు నాకు తెలుస్తూనే ఉంది. బక్కయ్య నా మూతిని చేను వైపు తిప్పి మీట నొక్కాడు.

అంతకన్నా వివరంగా చెప్పను. ఆమె చేతిలో రెండు కంకులున్నాయి.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు తూటాలు లెక్కపెట్టి, ఎన్ని నింపావని పటేల్‌ను అడిగాడు. అయిదు అన్నాడు పాపిరెడ్డి. ఆ సంగతి ఇతనికి చెప్పావా అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. పటేల్ చూపు భార్య శవం వైపు పోయింది. అక్కడ ఆమె అన్నదమ్ములు నిలబడి ఉన్నారు.

"చెప్పిన సార్. అయిదున్నయని చెప్పే ఇచ్చిన."

ఒక్క మాట. నన్ను చేసిన కార్ఖానాలో అంత నున్నగా ఏదీ తయారు కాలేదు.

కేసు రెండేళ్లు నడిచింది. కోర్టు బక్కయ్యకు ఒక లాయరమ్మను ఇచ్చింది. చిన్నది, కానీ గట్టిది. నన్ను బల్ల మీద పెట్టించి, మందులేని ఉత్త తూటాలు తెప్పించింది. పోలీసుల తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్ పొడుగువి నింపాడు. నాలుగు పడ్డాయి, అయిదోది సగం బయటే నిలబడింది. పొట్టివి నింపితే అయిదూ లోపలికి పోయాయి. జడ్జిగారు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు. బక్కయ్య బోనులోంచి నోరు తెరుచుకుని చూశాడు. అయిదోది ఎక్కడిదని రెండేళ్లుగా అతన్ని తింటున్న ప్రశ్నకు జవాబు బల్ల మీద ఉంది.

లాయరమ్మ పాపిరెడ్డి వైపు తిరిగింది. పదేళ్లు నాలుగే పట్టిన తుపాకీలో ఆ రోజు అయిదు ఉన్నాయని నిజంగా చెప్పారా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి అంది. మనిషి జైలుకు పోవడం, పోకపోవడం ఆ జవాబులో ఉందని కూడా అంది.

పాపిరెడ్డి నా వైపు చూశాడు. నిజం అంటే, భార్యను చంపింది తన మతిమరుపే అని లోకానికి చెప్పడం. ఆ మాట తనకు తాను చెప్పుకోలేక రెండేళ్లు గడిపాడు.

"చెప్పిన" అన్నాడు.

ఆమె బక్కయ్యను అడిగింది. విన్నావా?

"నాకైతే యాదికి లేదమ్మా. కానీ పటేల్ చెప్పిన అంటుండు కద. చెప్పే ఉంటడు. ఆమె ఆయన పెండ్లామాయె, ఆయనకు అబద్ధమాడే అక్కర ఏముంటది? నేనే మరిచిపోయినట్టున్న."

లాయరమ్మ కాగితాలు మూసేసింది. రెండేళ్ల జైలు పడింది.

నన్ను కేసుల సామాన్లు దాచే మాల్‌ఖానాకు మోసుకుపోతున్న కానిస్టేబులు వరండాలో ఆగాడు. బక్కయ్యను తీసుకుపోతున్నారు. పాపిరెడ్డి ఎదురుపడ్డాడు. బక్కయ్య బేడీలతోనే వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"నీ ఇంటి దీపం ఆర్పిన పటేలా. నీ ఉప్పు తిని నీకే ఇంత పని చేసిన. నన్ను మన్నించు."

నేను కానిస్టేబులు భుజం మీద ఉన్నాను. ఇనుముకు చెమట పట్టదు. ఇప్పుడైనా చెబుతాడని ఎదురు చూశాను.

పాపిరెడ్డి అతని భుజం పట్టి లేపాడు.

"లే. మన్నించిన, పో" అన్నాడు.

బక్కయ్య ఏడుస్తూ దండం పెట్టి, తేలికపడిన మనిషిలా వ్యానెక్కాడు.

నన్ను ముక్కలుగా కోయమని ఉత్తర్వు వచ్చింది. ఇక్కడ తుప్పు పట్టిన బరిసెల మధ్య నా వంతు కోసం చూస్తున్నాను. కోసేవాడికి నేను పాత ఇనుము. ఆ రోజు నాకు నోరు లేదు, అందుకు నన్ను ఎవరూ తప్పు పట్టరు. అయినా సిగ్గుగానే ఉంది. నోరున్నవాడు రోజూ పొద్దున్నే బోరు దగ్గర మొహం కడుక్కుంటున్నాడట.